లిఫ్టుకు జవాబు చెప్పిన పిల్ల

మా బిల్డింగు లిఫ్టుకు మాటలు వచ్చు. దానితో ఉన్న చిక్కల్లా అదే.

పాతకాలపు లిఫ్టు. ఇనుప జాలీ తలుపులు చేత్తో లాగి వేయాలి. తలుపు సరిగ్గా పడకపోతే లోపలినుంచి ఒక ఆడగొంతు "కృపయా దర్వాజా బంద్ కీజియే" అంటుంది. హన్మకొండ సుబేదారిలో ఉన్న లిఫ్టుకు హిందీ ఎవరు నేర్పారో తెలియదు. అంతవరకైతే సర్దుకుపోవచ్చు. కానీ ఈమధ్య దానికేదో తేడా వచ్చి, తలుపు మూసినా మూయమనే అంటోంది. లాగినా, తన్నినా, తెరిచి మళ్లీ మూసినా అంటుంది. కింద మందుల దుకాణం, ఆపైన రక్తపరీక్షల ల్యాబ్, ఆపైన పళ్ల డాక్టరు, అందరికంటే పైన నేను. జ్వరాలతోనూ పంటినొప్పులతోనూ వచ్చేవాళ్లు, చేసిన పనినే మళ్లీ చేయమనే ఆ గొంతును భరిస్తూ పైకి వస్తారు. నా గదికి చేరేసరికి, తమ మాట ఎవరూ నమ్మడం లేదన్న ముఖాలు పెట్టుకుని ఉంటారు.

ఓనరుకు చాలాసార్లు చెప్పాను. మందుల దుకాణం ఆయనదే. ఒకరోజు కౌంటరు ముందున్న గిరాకీ అంతా వినేటట్టు అన్నాడు:

"సార్, మీరు మాటలు రానోళ్లకు మాటలు నేర్పుతరు గదా. మాటలొచ్చినదాన్ని జర ఊకోబెట్టలేరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చదువులో ఆ పేపరు లేదు.

నేను స్పీచ్ థెరపిస్టుని. నా బోర్డు మీద డాక్టరు అని రాయించుకోలేదు. డాక్టరు కాదని కూడా రాయించలేదు కాబట్టి అందరూ డాక్టరనే అంటారు. ఒక గది, చిన్నపిల్లల కుర్చీలు, గోడకు పెద్ద అద్దం, బొమ్మల బీరువా. పిల్లలకు మాట ఎంత వచ్చు, చెప్పింది ఎంత అర్థమవుతుంది, ఎక్కడ ఆగిపోతోంది అని చూసి, అది కాగితం మీద పెట్టి, ఆ తర్వాత పని మొదలుపెట్టడం నా వృత్తి. ఇక్కడికి వచ్చే పిల్లలు తక్కువ మాట్లాడతారు. వాళ్ల తండ్రులు ఆ లోటు తెలియనివ్వరు.

ఆ కుటుంబం వచ్చింది మార్చి ఎండలు మొదలైన రోజుల్లో. తండ్రికి హన్మకొండ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. ఆయన వెంట భార్య, తల్లి, ఆరేళ్ల కూతురు. కూతురు తల్లి కొంగు పట్టుకుని నిలబడి నా చెప్పుల వైపు చూసింది. వచ్చినప్పటినుంచి పోయేదాకా నా చెప్పులనే చూసింది. అంత శ్రద్ధగా వాటిని నేను కూడా ఎప్పుడూ చూడలేదు.

తండ్రి కూర్చోగానే టేబుల్ మీదున్న నా మంచినీళ్ల స్టీలు గ్లాసును వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. చెవి వంచి విన్నాడు.

"ఇది అసలు సరుకు కాదు సార్. యాడ కొన్నరు?"

"గుర్తులేదు," అన్నాను.

"మా దుకాణానికి రాండ్రి. మేం గిరాకికి నోటితోని చెప్పం సార్. గిన్నెను చెవు కాడ వెట్టి కొట్టి ఇనిపిస్తం. ఇన్నంక ఎవడైనా నమ్మాల్సిందే."

ఆ తర్వాత అసలు విషయానికి వచ్చాడు. "మా పాప ఇంట్ల మాట్లాడుతది సార్. బయట మాట్లాడది. గంతే."

"గంతేనా?" అని నాయనమ్మ అందుకుంది. "ఇంట్ల నోరు తెరిస్తే మూయదు సారూ. నన్ను మాట్లాడనియ్యది. నేను ఒకటంటే అది పదంటది. గడప దాటిందా, మూత వెట్టినట్టే. అప్పటిదాంక లొల్లి లొల్లి చేసిన పిల్ల, ఎవరన్న చుట్టాలొచ్చి కూసున్నా సరే, ఇగ చప్పుడుండది."

బడిలో మూడేళ్లుగా ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదట. హాజరు పిలిస్తే పలకదు. ఒకటికి వచ్చినా చెప్పదు, అలాగే బిగపట్టుకుని ఇంటిదాకా వస్తుంది, లేదా రాలేకపోతుంది. పక్కన కూర్చునే పిల్లలు మొదట్లో జాలిపడి, తర్వాత మూగది అని పేరు పెట్టి, ఆ తర్వాత మరిచిపోయారు. ఇప్పుడు ప్రిన్సిపాల్ పిలిపించి, పిల్లకు మాటలు ఉన్నట్టు ఎవరితోనైనా రాయించుకుని రమ్మంది. లేకపోతే రెండో తరగతిలోకి తీసుకోదట. మాటలు రాని పిల్లల బడి చూసుకోవాలట.

"గా బడిల ఏస్తే, ఉన్న మాట గూడ పోతది సార్," అంది తల్లి. ఆ రోజు ఆవిడ మాట్లాడింది అదొక్కటే.

ఇంతకుముందు ఏమైనా చేయించారా అని అడిగాను. నాయనమ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. పాలంపేట అవతల ఉన్న తన తల్లిగారి ఊరి నుంచి చిలుక కొరికిన జామపండ్లు తెప్పించి తినిపించింది.

"అవన్నీ మాటలు రాని పిల్లలకు కదమ్మా. ఈ పాపకు మాటలు వచ్చు కదా?"

"అవ్ సారూ," అంది ఆవిడ దిగులుగా. "ఇంట్ల ఇంకిన్ని ఎక్కువైనయ్."

దీనికి సెలెక్టివ్ మ్యూటిజం అని పేరుంది. ఆ పేరు వింటే, ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ వద్దో ఆ పిల్లే ఎంచుకుంటుందని అనిపిస్తుంది. ఎంచుకునేది ఏమీ లేదు. పరాయి మనిషి ముందు ఆ గొంతు బిగుసుకుపోతుంది, అంతే. మొండితనం కాదు, పొగరు కాదు, సిగ్గు కూడా పూర్తిగా కాదు. భయం. అయితే మన ఇళ్లలో భయపడ్డ పిల్లను ఏడిస్తేనే గుర్తుపడతాం. ఏడవకుండా, కదలకుండా నిలబడి భయపడే పిల్లను మంచి పిల్ల అంటాం. ఈ పిల్లను కూడా ఎల్‌కేజీలో అలాగే అన్నారట. క్లాసులో అందరికంటే బుద్ధిమంతురాలని సర్టిఫికెట్టు కూడా ఇచ్చారట.

ఇలాంటి పిల్లల విషయంలో నా మొదటి పని కొత్త మాట తెప్పించడం కాదు. ఉన్న చోట ఉన్న మాటను చెదరకుండా కాపాడుకోవడం. ఇంట్లో ఆ పిల్లకు గొంతుంది. దాన్ని ఎవరూ గుంజకూడదు, పదిమందిలో పెట్టకూడదు, 'ఏదీ, ఇంట్లో అంటావే, అంకుల్ ముందు ఒక్కసారి అను' అనకూడదు. అది నిలిస్తే, దాన్ని మెల్లగా గడప దాకా, గడప నుంచి వీధి దాకా తేవచ్చు. అది కూడా పోతే తేవడానికి ఏమీ మిగలదు. ఇదంతా ఆ ముగ్గురికీ చెప్పాను. తండ్రి తలూపాడు. తల్లి తలూపింది. నాయనమ్మ, "గందుకే నేనసలు అడగనే అడగ," అని, పిల్ల వైపు తిరిగి, "ఒక్కసారి సారుకు నమస్తే అను బిడ్డా," అంది.

మూసి ఉన్న దుకాణం ముందు నిలబడి, లోపల సరుకెంతుందో చెప్పమంటే ఎలా ఉంటుంది? మాట్లాడని పిల్లకు భాష ఎంత వచ్చో చూడడం కూడా దాదాపు అలాగే ఉంటుంది. షట్టర్ బాదితే తెరుచుకోదు. సందులోంచి చూడాలి, లేదా తాళం ఉన్నవాళ్లను పిలవాలి.

మాట అర్థం కావడం, మాట్లాడటం రెండు వేరు. అర్థమవుతోందా లేదా అని చూడడానికి నోరు అక్కర్లేదు, వేలు చాలు. బొమ్మలు ముందు పెట్టి, ఒకటి చెప్తే చూపించాలి. నాకు చదువులో ఇచ్చిన బొమ్మల్లో మంచుమనిషి, ఉన్ని తొడుగులు, పొయ్యి లాంటి ఏదో గోడ ఉండేవి. వరంగల్ ఎండల్లో ఉన్ని తొడుగులు చూపించమని అడగడానికి మొహం చెల్లక, ఎప్పుడో వాటిని మానేసి సొంతంగా ఫోటోలు తీసుకున్నాను. ఆటో, చాట, ఇస్త్రీపెట్టె, బస్సు మెట్ల మీద వేలాడే మనిషి.

మొదటి రోజు ఆ పిల్ల వేలు కూడా కదల్లేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఇది మామూలే. నేను కుర్చీ పక్కకు తిప్పుకుని, గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాను. ప్రశ్న అడగకూడదు. ముఖంలోకి చూడకూడదు. 'ఇక్కడ ఒక చాట ఉంది, దాని వెనక చెంబు ఉంది' అని ఊరికే అనుకుంటూ పోవాలి. మూడోసారి వచ్చినప్పుడు అద్దంలో గమనించాను. నేను చెప్పే ప్రతి బొమ్మ మీదికీ ఆ పిల్ల చూపు నాకంటే ముందే వెళుతోంది.

తర్వాతి వారం తల్లి ఒక అట్టపెట్టె తెచ్చింది. ఇంట్లో ఆ పిల్ల ఆడుకునే చిన్న చిన్న స్టీలు సామాన్లు. దుకాణంలో అమ్మేవాటికి పిల్లల్లాంటివి. బిందె, గంజు, తపాలా, మూతలు, గరిటె. ఆ పెట్టె తెరిచాక చేతులు తొడల కిందినుంచి బయటికి వచ్చాయి. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె, దాని మీద మూత, మూత మీద చెంచా కాదు, గరిటె అని గోడకు చెప్పాను. అన్నీ వరసగా పేర్చింది. తపాలా మూత తెచ్చి నేను గంజు మీద పెట్టాను. ఆ పిల్ల ఒక్క క్షణం భరించింది. తర్వాత ఆ మూత తీసి పక్కన పెట్టి, గంజు మూత వెతికి పెట్టింది. నా చెప్పుల వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కొంత జాలి ఉందని నా అనుమానం.

అర్థం చేసుకోవడంలో వయసుకు తగ్గట్టే ఉంది, కొన్నిట్లో రెండాకులు ఎక్కువే ఉంది. కానీ ప్రిన్సిపాల్‌కు కావాల్సింది అది కాదు. పిల్లకు మాటలు ఉన్నాయా అన్నది.

ఉన్నాయని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. వాళ్లు వెళుతుంటే నేను గది తలుపు దగ్గర ఆగాను. తల్లీ కూతురూ లిఫ్టులోకి వెళ్లి జాలీ తలుపు లాగారు. లిఫ్టు కదిలి, నాకు కనిపించకుండా కిందికి దిగుతోంది. "కృపయా దర్వాజా బంద్ కీజియే," అంది ఆ గొంతు. వెంటనే కింది అంతస్తు దగ్గరినుంచి ఇంకో గొంతు, సన్నగా, గట్టిగా, విసుగ్గా వినిపించింది:

"ఏసినమే! ఎన్నిసార్లు జెప్పాలె నీకు? చెవుడా?"

ఓనరును లిఫ్టు బాగు చేయించమని అడగడం ఆ రోజునుంచి మానేశాను.

అయితే లిఫ్టును సాక్షిగా పెట్టి రిపోర్టు రాయలేం. ఇలాంటప్పుడు ఇంట్లో మాట్లాడుతుండగా ఫోనులో రికార్డు చేసి తెమ్మంటాం. అది పిల్లకు తెలియకుండా చేయడం నాకు ఇష్టం ఉండదు. తర్వాత వచ్చినప్పుడు, తల్లి పక్కన ఉండగా, మళ్లీ గోడ వైపు తిరిగి చెప్పాను. ఇంట్లో నువ్వు ఆడుకునేటప్పుడు అమ్మ ఫోను పక్కన పెడుతుంది. అందులో పడ్డ మాటలు నాకు పంపిస్తుంది. వినేది నేనొక్కణ్నే. వద్దంటే వద్దు.

ఆ పిల్ల ఒక చిన్న గిన్నె తీసుకుంది, దాని మూత వెతికి, పెట్టి, అరచేత్తో నొక్కి, మూత పెట్టిన గిన్నెను టేబుల్ మీద నా వైపుకు జరిపింది. ఆమె నుంచి నాకు వచ్చిన మొదటి జవాబు అదే. సరే అందని, మూత తీయొద్దని కూడా అందని, రెండూ నేను అర్థం చేసుకున్నాను. తల్లికీ తండ్రికీ విడివిడిగా చెప్పాను: ఇది నాకు తప్ప ఎవరికీ వినిపించొద్దు. చుట్టాలకు వద్దు, ఫ్యామిలీ గ్రూపులో వద్దు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు తండ్రి.

రికార్డింగు వచ్చిన రోజు మధ్యాహ్నం గది తలుపు వేసుకుని విన్నాను. ఆ పిల్ల ఇంట్లో దుకాణం ఆట ఆడుతోంది. తను సేటమ్మ. నాయనమ్మ గిరాకీ.

"ఏం గావాలె?" అంటోంది పిల్ల.

"గంజు గావాలె సేటమ్మా."

"అన్నానికా, పప్పుకా?"

"పప్పుకే. జర మందంగ ఉన్నది సూపెట్టు."

"గిది జూడు. ఇను." టంగుమని శబ్దం. "ఇన్నవా? మా నాయిన కంపెనీ నుంచి తెచ్చిండు. మొన్న ఒకామె కొంటవోయింది, మల్లొచ్చి ఇంకోటి కొంటవోయింది, వాళ్ల బిడ్డ పెండ్లికి."

"దీనికి సొట్టున్నది గదనే."

"సొట్ట లేదు. నీ కండ్లద్దాలు తుడుసుకో. తీసుకుంటె తీసుకో, లేకుంటె జరుగు, ఎనక గిరాకున్నది."

నాయనమ్మ నవ్వు. పిల్ల నవ్వు. ఆ నవ్వు ఎలా ఉందో రాయడానికి నాకు చేతకాదు, రిపోర్టులో దానికి గడి కూడా లేదు. నేను ప్రతి వాక్యాన్నీ కాగితం మీద దించుకుని చూశాను. వాక్యాల పొడవు, జరిగినదాన్ని వరసగా చెప్పడం, కారణం చెప్పడం, ఎదుటి మనిషి మాటకు తగ్గట్టు తిప్పికొట్టడం, ఉచ్చారణ, గొంతు. దేనిలోనూ కొరత లేదు. అమ్మకంలో నాకంటే చాలా ముందుంది. పిల్లకు భాష వయసుకు తగినట్టు ఉంది, లోపం మాటలో కాదు, మాట బయటికి వచ్చే చోట్ల ఉంది, ఆమెను మామూలు తరగతిలోనే ఉంచాలి, మాట్లాడమని ఒత్తిడి చేయకూడదు అని రాశాను. ఇన్నేళ్లలో నేను రాసిన రిపోర్టుల్లో అంత ధైర్యంగా రాసింది లేదు. తండ్రి వచ్చి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని వెళ్లాడు.

కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం ఆయన మిఠాయి పెట్టెతో వచ్చాడు. పని అయిందన్నాడు. రెండో తరగతిలో సీటు ఖాయమట.

"మొదాలు మేడమ్ మీ కాగితం చదివింది సార్. చదివి పక్కకు వెట్టింది. 'గిట్లాంటి కాగితాలు ఎవరైనా రాస్తరు' అన్నది. నాకు రోషమొచ్చింది."

"ఏం చేశారు?"

"ఏం జేస్త సార్. ఇనిపిచ్చిన."

ఫోను ఆయన జేబులోనే ఉంది. రికార్డింగు నాకు వచ్చింది ఆ ఫోను నుంచే. భార్య ఫోనులో నెట్ లేదట.

"మేడమ్ ఒక్కరే విన్నారా?"

"మేడమ్ ఇన్నది. ఇని నోరు తెరిసింది. క్లాస్ మిస్సును పిలిసింది. మిస్సు ఇని మస్తు ఖుషైంది సార్, పాపం కండ్లల్ల నీళ్లొచ్చినయ్ ఆమెకు. ఫోను తీసుకొని క్లాసుకువోయి పిల్లలందరికి ఇనిపిచ్చింది. మైకు కాడ వెట్టి. 'జూడుండ్రి, మన పాప ఎంత మంచిగ మాట్లాడుతాందో' అని. అందరు చప్పట్లు గొట్టిండ్రు సార్."

"పాప అప్పుడు ఎక్కడుంది?"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. "ఆడనే ఉంటది గద సార్. ఆమె క్లాసే."

"ఏం చేసింది?"

"ఏం జేస్తది. తల వంచుకున్నది. సిగ్గు." మిఠాయి పెట్టె మూత తీసి నా ముందు పెట్టాడు. "తీసుకోండ్రి సార్."

ఒకటి తీసుకున్నాను. చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆయనకు అరవై రకాల గిన్నెలు తెలుసు, నమ్మని గిరాకీని నమ్మించడం ఒక్కటే విధంగా తెలుసు. ప్రిన్సిపాల్ ఒక పిల్లకు సీటిచ్చింది. టీచరు సంతోషంతో ఏడ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెతికాను. అందరూ మంచివాళ్లే కావడం అప్పుడప్పుడు చాలా ఇబ్బంది పెడుతుంది.

తల్లి ఫోను చేసింది ఆ వారంలోనే.

"సార్, పాప ఇంట్ల గూడ మాట్లాడతలేదు."

"ఎప్పటినుంచి?"

"బడిల చప్పట్లు గొట్టిన పొద్దు సంది. మేం అలసిపోయిందనుకున్నం. నాతోని గూడ లేదు సార్. చెవుల గూడ చెప్తలేదు."

ఏమీ అడగొద్దని, బతిమాలొద్దని, ఏమీ జరగనట్టే ఉండమని చెప్పాను. ఏమీ జరగనట్టు ఉండడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. తల్లి మళ్లీ ఫోను చేసినప్పుడల్లా ఒక్కో సంగతి చెప్పేది. అన్నానికి కూర్చునే ముందు పిల్ల ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ వెతికి బోర్లా పెడుతోందట. తాత ఫోటో ముందు ఛార్జింగ్ పెట్టిన ఫోనును కూడా స్టూలు ఎక్కి బోర్లా పెట్టిందట. స్టీలు సామాన్లు అట్టపెట్టెలో సర్దేసి మంచం కిందికి తోసేసిందట. ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఆ పెట్టె లాగి, గిన్నెలన్నీ బయట పరిచి, వాటికి ఇవతల బాసింపట్టు వేసుకుని కూర్చుందట. "సేటమ్మా, గంజులున్నయా?" అని అడిగిందట. పిల్ల వచ్చింది. గిన్నెలను ఒక్కొక్కటిగా, శబ్దం కాకుండా, పెట్టెలో పెట్టి మూసేసింది. ఎండ వాలేదాకా ముసలావిడ అక్కడినుంచి లేవలేదట.

"ఆమె ఆడికెంచి లేవనే లేదు సార్," అంది తల్లి ఫోనులో. "ఎవరిని చూసుకోవాలో నాకు సమజైతలేదు."

బడులు మళ్లీ తెరిచాక నలుగురూ వచ్చారు. పిల్లకు రెండో తరగతి కొత్త యూనిఫాం. తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. నా గ్లాసు ఆయన చేతికి అందే దూరంలోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

నేను అన్నీ మళ్లీ మొదటినుంచి చేశాను. కుర్చీ పక్కకు తిప్పుకున్నాను. గోడతో మాట్లాడాను. తల్లి సామాన్ల పెట్టె తెచ్చింది, దాని మూత తీసి పెట్టాను. తపాలా మూత గంజు మీద పెట్టి చూశాను. ఎవరూ దాన్ని సరిచేయలేదు. అద్దంలో చూస్తే ఆ పిల్ల కళ్లు ఏ బొమ్మ మీదికీ వెళ్లడం లేదు. చేతులు తొడల కిందే ఉన్నాయి. నా వృత్తిలో దీన్ని 'స్పందన లేదు' అని రాస్తాం. రాయడానికి సులభమైన మాట.

వెళ్లేముందు గోడకే చెప్పాను: నేనొక్కణ్నే వింటానని నీకు చెప్పాను, అలా జరగలేదు. ఆ పిల్ల నా చెప్పుల వైపు చూసింది. అవే చెప్పులు.

పెద్దవాళ్లకు చేయాల్సింది చెప్పాను. తల్లి ఒక్కతే, ఒక గదిలో, తలుపు వేసుకుని, ఫోను లేకుండా, రోజూ కాసేపు పిల్ల పక్కన కూర్చోవాలి. మాట్లాడించకూడదు. ఊరికే కూర్చోవాలి. ముందు నవ్వు రావచ్చు, తర్వాత గుసగుస రావచ్చు. ఫోనులోంచి రికార్డింగు తీసేయాలి, తీసేసినట్టు పిల్లకు చూపించాలి.

"తీసేసిన సార్," అన్నాడు తండ్రి. "అప్పుడే తీసేసిన." లేవబోతూ, "ఎన్నొద్దులు వడుతది?" అని అడిగాడు.

చెప్పలేనన్నాను. కొందరికి తొందరగా వస్తుంది. కొందరికి ఆలస్యమవుతుంది. ఆలస్యం అన్న మాటకు అవతల ఏముందో ఆయన అడగలేదు.

వాళ్లను సాగనంపడానికి లిఫ్టు దాకా వెళ్లాను. తండ్రి ముందు ఎక్కాడు, తల్లి పిల్ల చేయి పట్టుకుని ఎక్కింది. పిల్ల లిఫ్టు గోడ వైపు ముఖం పెట్టి నిలబడింది. నాయనమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా వచ్చి లోపలికి అడుగుపెట్టింది. తండ్రి జాలీ తలుపు పూర్తిగా లాగాడు. గొళ్లెం పడిన చప్పుడు నాకు వినిపించింది.

"కృపయా దర్వాజా బంద్ కీజియే," అంది లిఫ్టు.

నలుగురూ లోపల, నేను బయట. నాకు తెలియకుండానే పిల్ల జవాబు కోసం చెవి ఒగ్గాను. తల్లి తల వంచి పిల్ల ముఖంలోకి చూస్తోంది. ఆవిడ కూడా ఎదురుచూస్తోందని అప్పుడు తెలిసింది.

"కృపయా దర్వాజా బంద్ కీజియే," అని మళ్లీ అంది.

పిల్ల గోడ వైపే ఉంది. తండ్రి చేయి కింది అంతస్తు బటన్ దగ్గరే ఆగిపోయి ఉంది. జాలీ సందులోంచి నాయనమ్మ నా వైపు చూసింది.

"నీ దగ్గరికి రాకముందు మా పిల్ల ఇంట్లనన్న మాట్లాడేది సారూ," అంది.